అతకని మామిడి అంట్ల సంగతి రాయి

అమ్మాయీ,

పోయిన మీ తాతయ్యగారి మీద నువ్వు రాసిన నివాళి వ్యాసం అందింది. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, నీది నా మనవరాలి వయసు. భాష బాగుంది, అచ్చుతప్పులు లేవు. మెచ్చుకోలు ఇంతటితో సరి.

మీ తాతయ్యగారు రిటైరైన సర్జన్. షటిల్ ఆడేవారు, అరవై దాటాక వీణ నేర్చుకున్నారు, కెమెరా మెడలో వేసుకుని కొల్లేట్లో పక్షుల వెంట తిరిగారు, పాత రేడియోలు విప్పి బాగుచేశారు. చదరంగం, ఈత, సంస్కృతం, మామిడి తోట. పేరా పేరాకీ "అంతేకాదు" అని మొదలెట్టావు. రెండో పేజీకి వచ్చేసరికి పెళ్లిళ్ల పేరయ్య వరుడి గుణగణాలు ఏకరువు పెడుతున్నట్టుంది. ఇన్ని చేసిన మనిషి ఒక్కసారైనా నా కళ్లకి కట్టలేదు. పైగా "బహుముఖ ప్రజ్ఞాశాలి" ఒకటి! మన ఊళ్లలో శాలువా కప్పించుకున్న ప్రతివాడికీ ఆ బిరుదు ఉంది. తీసెయ్.

నిజానికి ఈ ఉత్తరం రాయకపోదును. మూడో పేజీ అడుగున ఒక వాక్యం రాశావు చూడు, "తాతయ్య మామిడి అంట్లకి కూడా కేస్ షీట్ రాసేవారు" అని. అది చదివి మా ఆవిడని వంటింట్లోంచి పిలిచి వినిపించాను. నువ్వేమో మరుసటి వాక్యంలోనే చదరంగం టోర్నమెంటుకి వెళ్లిపోయావు. తల్లీ, రోగులకి రాసినట్టే అంట్లకి రాసిన ఆ కేస్ షీట్ల పుస్తకం ఎక్కడుంది? అందులో ఏం రాసుకున్నారాయన?

అంటు కట్టడం నాకు కాస్త తెలుసు, మా నాన్న కడియంలో ఒక నర్సరీలో పనిచేసేవాడు. టెంక మొక్క కాండానికి ఒక పక్క ఏటవాలుగా చెక్కు తీస్తారు. మంచి రకం చెట్టునుంచి కోసిన అంటు పుల్లకీ సరిగ్గా అంతే చెక్కు. కోత ఒక్క ఊపులో పడాలి, కత్తి రెండోసారి పెడితే గరుకుతేలి మధ్యలో గాలి చేరుతుంది. బెరడు కింది పచ్చి పొరలు రెండూ ఒకదానికొకటి ఆనాలి. ఆపైన పాలిథిన్ రిబ్బను బిగించి చుట్టాలి. కోయబోయే పుల్లకి వారం పది రోజుల ముందే ఆకులు తుంచి కాడలు ఉంచేస్తారు, మొగ్గ ఉబ్బుతుందని. ఇంతా చేస్తే కొన్ని అతుకుతాయి, కొన్ని ఎండిపోతాయి. బతుకంతా కోసి కుట్టిన చేతికి ఈ పని దొరికింది. నర్సరీ కత్తి వాడారా, ఆపరేషన్లకి వాడే పాత స్కాల్పెల్ కత్తి పిడికి కొత్త బ్లేడు తగిలించారా? సర్జన్లు చదువుకునే రోజుల్లో కుర్చీ చేతికి దారం కట్టి ఒంటిచేతి ముడి సాధన చేస్తారు. రిబ్బను కొసకి ఆయన ఆ ముడే వేశారా? పక్కన కూర్చున్న మనవరాలివి, నీకు తెలియాలి.

నాకో మొండిపట్టు ఉంది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల చేతిలో చెడిపోయిన పని ఒక్కటైనా రాయాలి. అది లేని నివాళి నేను చదవను. మీ తాతయ్య కేస్ షీట్‌లో చచ్చిన అంట్లు కూడా ఉండి ఉంటాయి. తేదీ వేసి, ఎందుకు పోయిందో రాసి ఉంటారు. వాళ్ల వృత్తిలో అదొక సంప్రదాయం. వియన్నాలో బిల్‌రోత్ అనే సర్జన్ ఉండేవాడు. కాన్సర్ పట్టిన కడుపు భాగాన్ని కోసి తీసేస్తే అంతకుముందు ఇద్దరు సర్జన్ల చేతిలో రోగులు పోయారు, 1881లో ఈయన ఆపరేషన్ చేసినామె బతికింది. కొన్ని నెలలకి అదే జబ్బుతో పోయిందనుకో. ఈయనే అంతకుముందు జూరిక్‌లో ఉండగా తన ఆపరేషన్ల ఫలితాలు చావులతో సహా అచ్చు వేయించాడు. ఆయనకీ ఒక వ్యాపకం ఉండేది. పియానో, వయొలిన్ లాంటి వయోలా వాయించేవాడు. బ్రామ్స్ అంతటి సంగీతకర్త 1873లో రెండు స్ట్రింగ్ క్వార్టెట్లు, అంటే నాలుగు తీగవాద్యాలు కలిసి వాయించే రచనలు, ఆయనకి అంకితమిచ్చాడు. సంగీతం ఒంటపట్టడమంటే ఏమిటో తేల్చి రాద్దామని కూర్చుని, ఆ పని సగంలో ఉండగానే 1894లో పోయాడు.

మన శ్రీపాద పినాకపాణిగారిని చూడు. సర్జన్ కాదులే, కర్నూలులో మెడిసిన్ ప్రొఫెసరు. నేదునూరి, వోలేటి అంతటి గాయకులు ఆయన దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు, 1983లో ఆయనకి సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు. డాక్టరుగారి హాబీ సంగీతం అని ఎవరైనా రాస్తే నవ్విపోరూ?

నేను రాయడం మొదలెట్టిన కొత్తల్లో మా ఊరి డాక్టరుగారి మీద ఒక వ్యాసం వారపత్రికకి పంపాను. ఒక కాన్పు కేసులో తల్లి దక్కలేదు. ఆ రాత్రి ఆయన ఇంటికి పోకుండా ఆస్పత్రి మెట్ల మీదే కూర్చున్నాడు. వ్యాసానికి ప్రాణం అదే. ఎడిటరుగారు అదొక్కటీ కొట్టేసి, ఆయనకొచ్చిన అవార్డులు కలిపి వేశారు. అడిగితే, "నివాళిలో చావు కబుర్లు ఎందుకండీ" అన్నారు! ఆ పత్రికా లేదు, ఆయనా లేరు, నా కోపం మాత్రం ఉంది. ఇప్పటివాళ్లు ఇంకో రకం. వాక్యానికో పేరా, పేరాకో కన్నీటి చుక్క, కింద దండేసిన ఫొటో. నీ చివరి పేజీలో ఆ గాలి కొంచెం సోకింది.

ఏ పత్రికకి పంపాలి, పుస్తకం వేస్తే ఎంతవుతుంది అని ఏవేవో అడిగావు. అవి తర్వాత. ముందు అమ్మమ్మని అడిగి ఆ కేస్ షీట్ పుస్తకం వెతికించు. ఆవిడకి తెలియకపోతే తోట చూసే మనిషిని అడుగు. ఆపరేషన్ థియేటర్లో తాతయ్య పక్కన చాలాకాలం నిలబడ్డ సిస్టరు ఎవరో ఉండే ఉంటారు. ఇంట్లోవాళ్లకి చెప్పని సంగతులు ఆవిడకి తెలుస్తాయి, వెళ్లి కలువు. వీణ, షటిల్, రేడియోలు అన్నీ కొట్టెయ్. కొల్లేరు కూడా. ఏడుపొస్తుందని తెలుసు, అయినా కొట్టెయ్.

పుస్తకం దొరికితే జిరాక్స్ తీయించి పోస్టులో పంపు. వాట్సాప్‌లో వద్దు, ఫోన్లో నాకు అక్షరాలు ఆనవు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు