ఆదివారం కొలోన్ పోతున్నారా?

సెలవులకు నల్లగొండ వస్తే చాలు, అక్టోబరు సెమిస్టర్‌కు జర్మనీ వెళ్లే పిల్లలు ఇంటికొస్తారు. వీసా సంగతి అయ్యాక అడిగేది తిరుగుడు గురించే. "అన్నా, కొలోన్ ఒక్కరోజులో చూసి రావచ్చా?"

రావచ్చు. స్టేషన్ బయట అడుగు పెట్టగానే పెద్ద చర్చి కనిపిస్తుంది. 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తి చేశారు. ఎత్తు 157 మీటర్లు. గోపురం ఎక్కాలంటే 533 మెట్లు, లిఫ్ట్ ఆశ పెట్టుకోవద్దు. పానగల్లు సోమేశ్వరాలయంలో చెప్పులు బయట విడుస్తాం. అక్కడ బూట్లతోనే పోవచ్చు, మగవాళ్లు చలిటోపీ మాత్రం తీయాలి. పొద్దున ప్రార్థనలు నడుస్తాయి, మధ్యాహ్నం వెళ్లండి.

అసలు తికమక మనుషులతోనే. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు, కనుచూపు మేరలో ఒక్క బండీ ఉండదు, అయినా అందరూ నిలబడే ఉంటారు. క్లాక్ టవర్ సెంటర్‌లో రోడ్డు దాటి పెరిగిన మనకు కాళ్లు ఆగవు. దాటితే జరిమానా 5 యూరోలే. కానీ పక్కన చిన్నపిల్లలుంటే ఎవరో ఒక పెద్దావిడ అందరి ముందే గట్టిగా అంటుంది. మనం ఇండియన్లమనే అన్నదని చాలామంది రాత్రంతా బాధపడతారు. వాళ్ల వాళ్లనైనా అలాగే అంటుంది. సారీ చెప్పి నడవండి. (నిజమైన వివక్ష కూడా ఎదురవుతుంది, దానికి మాత్రం ఊరుకోవద్దు.) సైకిల్ దారిలో నిలబడి సెల్ఫీ దిగినా ఇదే వరస: ముందు బెల్లు, తర్వాత తిట్లు.

మీ సెమిస్టర్ టికెట్ (యూనివర్సిటీ ద్వారా వచ్చే ప్రయాణ పాసు) దేశమంతా చెల్లేదైనా ఐసీఈ అనే హైస్పీడ్ రైలెక్కొద్దు, ప్రాంతీయ రైళ్లకే అది. టికెట్ లేకుండా దొరికితే కనీసం 60 యూరోలు. రైల్లో అమ్మతో స్పీకర్ పెట్టి మాట్లాడొద్దు, బోగీ అంతా మీ వైపే చూస్తుంది.

ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, స్టేషన్‌లో ఉన్నవే దిక్కు. అందుకే పులిహోర, సకినాలు కట్టుకొని పొండి. ఖాళీ ప్లాస్టిక్ సీసా పారేయొద్దు, షాపు మిషన్‌లో వేస్తే కొన్నప్పుడు డిపాజిట్‌గా కట్టిన 25 సెంట్లు వెనక్కొస్తాయి. మోయలేకపోతే చెత్తడబ్బాలో వేయకుండా పక్కన పెట్టండి, ఏరుకునేవాళ్లు చెయ్యి లోపల పెట్టే పని తప్పుతుంది.

హోటల్లో తింటే బిల్లు కలిపా, విడివిడిగానా అని అడుగుతారు. విడివిడిగా అనండి, ఎవరూ చిన్నబుచ్చుకోరు. "నేనిస్తా అంటే నేనిస్తా" అని గుంజులాడుకుంటే వెయిటర్ బిక్కమొహం వేస్తాడు.