గ్రామర్ పాటలా పాడిస్తే పిల్లలకి ఎక్కుతుందా?

పర్లాకిమిడిలో ఉంటాం, ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, మూడో తరగతి పాపకి ఇంగ్లీష్ గ్రామర్ పాటలుగా నేర్పొచ్చా అని ఒకరు అడిగారు. నేర్పొచ్చు, కానీ అన్నీ కాదు.

'ఐ యామ్, యూ ఆర్, షీ ఈజ్' లాంటివి పాటకి బాగా కుదురుతాయి. తెలుగులో 'ఆమె టీచర్' అంటే చాలు, క్రియ అక్కర్లేదు, అందుకే మన పిల్లలు 'షీ టీచర్' అనేస్తారు. చప్పట్లు కొడుతూ పాడిస్తూ ఒక దెబ్బ 'ఈజ్' మీద పడేలా చూడండి, కొన్నాళ్లకి అది లేకపోతే పాపకే ఏదో వెలితిగా ఉంటుంది.

ఎ (a), ఆన్ (an) తేడా మాత్రం పాటతో తేలదు. అది రాసే అక్షరాన్ని బట్టి కాదు, పలికే శబ్దాన్ని బట్టి: 'ఆన్ అవర్ (hour)', 'ఎ యూనిఫామ్ (uniform)'. వస్తువులు చూపించి పలికించాల్సిందే.

మర్యాదలకి పాట ఎందుకండీ, భోజనాల దగ్గర 'ప్లీజ్' అంటేనే డాల్మా గిన్నె అటు జరపండి! మనకి 'ఇవ్వండి'లోనే మర్యాద ఉంది, ఇంగ్లీష్ క్రియకి ఆ తోక లేదు కాబట్టి విడిగా చెప్పాలి.

ఇంకోటి, పాటగా వచ్చింది మొదటినుంచి పాడితేనే గుర్తొస్తుంది. అందుకే మధ్యలో ఆపి 'దే?' అని అడగండి, 'ఆర్' అని టక్కున రావాలి.