18650 సెల్ మీద 9900 ఎంఏహెచ్ అని రాసుంటే కొనకండి

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో మాస్టర్స్ చేస్తున్నా సర్. ఇక్కడ డిస్పోజబుల్ వేప్‌లు (వాడి పారేసే ఈ-సిగరెట్లు) బ్యాన్ చేశాక సెల్ మార్చుకునే మాడ్ (కాస్త పెద్ద ఈ-సిగరెట్) ఒకటి తీసుకున్నా, ఒక్క 18650 సెల్ (రీచార్జ్ చేసుకునే లిథియం బ్యాటరీ) పడుతుంది, 60 వాట్స్‌లో వాడతా. ఆన్‌లైన్‌లో 9900 ఎంఏహెచ్ సెల్ చాలా చవగ్గా ఉంది, కొనొచ్చా? సంక్రాంతికి విజయవాడ వస్తున్నా, మాడ్ తెచ్చుకోవచ్చా?

జవాబు: ముందు రెండోదానికి చెప్తా, తేవద్దు. మన దగ్గర 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధమే, మొదటిసారి పట్టుబడినా ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు ఫైన్ పడొచ్చు, నా ఒక్కడి కోసమే కదా అనుకుని బ్యాగ్‌లో వేసుకురాకండి, రూమ్‌లోనే పెట్టేసి రండి. అసలు మానేస్తే ఇంకా సంతోషం, కానీ వాడుతున్నన్ని రోజులూ చేతులు కాలకుండా వాడాలి కదా, అందుకే మిగతాది వివరంగా చెప్తున్నా.

18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, అంతే, క్వాలిటీ గురించి ఆ నంబర్ ఏమీ చెప్పదు. ఈ సైజులో పేరున్న కంపెనీల సెల్స్ మామూలుగా 2500 నుంచి 3500 ఎంఏహెచ్ మధ్యలోనే ఉంటాయి, 9900 అన్నది పచ్చి అబద్ధం, కెపాసిటీ మీదే అంత అబద్ధం ఆడినవాడు లోపల ఏం పెట్టాడో ఎవరికి తెలుసు, పాత సెల్‌కి కొత్త ప్లాస్టిక్ తొడిగి అమ్మేవాళ్లు బోలెడుమంది.

మీరు చూడాల్సింది ఆగకుండా ఎన్ని యాంప్స్ ఇవ్వగలదు అన్నది. ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో ఎంఏహెచ్ చెప్తుంది, పైపు ఎంత లావో యాంప్స్ చెప్తుంది. లెక్క చూడండి, మీ 60 వాట్స్‌ని సెల్ దాదాపు ఖాళీ అయినప్పుడు ఉండే 3.2 వోల్టులతో భాగిస్తే 18.75, మాడ్‌లో పోయే పది శాతం కూడా కలుపుకుంటే 21 యాంప్స్ దాకా లాగుతుంది. శాంసంగ్ 25ఆర్, ఎల్‌జీ హెచ్‌జీ2 లాంటి మంచి సెల్స్‌కే 20 యాంప్స్ రేటింగ్, అంటే మీరు ఇప్పటికే గీత దాటేశారు, 45, 50 వాట్స్‌కి తగ్గించండి, లేదంటే రెండు సెల్స్ పట్టే మాడ్‌కి మారండి. రెండు సెల్స్ అయితే ఒకే మోడల్‌వి ఒకేసారి కొని, ఎప్పుడూ జతగానే వాడి జతగానే చార్జ్ చేయాలి, పాతదాన్నీ కొత్తదాన్నీ కలపకూడదు. ఇంకోటి, ఈ కంపెనీలే మా సెల్స్‌ని విడిగా వేప్‌లో వాడొద్దని చెప్తున్నాయి, ఎందుకంటే ల్యాప్‌టాప్ ప్యాక్‌లో ఉండే ప్రొటెక్షన్ సర్క్యూట్ వీటికి ఉండదు, ఆ రక్షణంతా మాడ్‌లో ఉండే సర్క్యూటే చూసుకోవాలి. అందుకే సర్క్యూట్ లేని మెకానికల్ మాడ్ జోలికి అస్సలు పోవద్దు, దాంట్లో 0.2 ఓమ్స్ కాయిల్ (వేడెక్కే తీగ) పెడితే ఫుల్ చార్జ్ 4.2 వోల్టుల దగ్గర నేరుగా 21 యాంప్స్ లాగేస్తుంది, ఆపేవాడు ఉండడు.

ఇప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునే విషయం, సెల్ చుట్టూ తొడిగి ఉండే ఆ పల్చటి ప్లాస్టిక్. సెల్ అడుగు ఒక్కటే మైనస్ అనుకుంటారు, కాదు, చుట్టూ ఉన్న మెటల్ డబ్బా మొత్తం మైనస్సే, పైన ప్లస్ బొడిపె చుట్టూ ఉండే అంచు కూడా మైనస్సే, రెండిటి మధ్య ఉండేది ఆ ప్లాస్టిక్, ఒక చిన్న రింగు మాత్రమే. అక్కడ గీసుకుపోతే మాడ్‌లో పెట్టగానే షార్ట్ అవ్వొచ్చు. జేబులో తాళాలు, చిల్లరతో పాటు విడి సెల్ వేసుకున్నా అంతే, అమెరికాలో 2009 నుంచి 2016 దాకా మీడియాలో వచ్చిన ఈ-సిగరెట్ పేలుళ్లు, మంటలు 195 అని అక్కడి ఫైర్ విభాగం లెక్క తేల్చింది, వాటిలో దాదాపు మూడో వంతు జేబులో ఉండగా జరిగినవే. విడి సెల్‌కి ప్లాస్టిక్ డబ్బా కొనండి, పెద్ద ఖర్చేం కాదు. ప్లాస్టిక్ చిరిగితే కొత్తది తొడగొచ్చు, వేప్ షాపుల్లో దొరుకుతుంది, కానీ సెల్ మెటల్ డబ్బాకి సొట్ట పడితే, కింద పడ్డాక ఊరికే వేడెక్కుతుంటే ఇక వాడొద్దు.

చార్జింగ్‌కి విడి చార్జర్ మేలు, 1 యాంప్ చాలు, మంచం మీదా దిండు పక్కనా పెట్టి నిద్రపోవద్దు.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పితే ఆరు 18650 సెల్స్ వచ్చాయి. రాత్రిళ్లు పొలానికి వెళ్లేటప్పుడు వాడే హెడ్‌లైట్‌లో వేసుకోవచ్చా? (ఖమ్మం జిల్లా నుంచి)

జవాబు: హెడ్‌లైట్ లాగే కరెంట్ తక్కువే, ఆ లెక్కన కుదురుతుంది, కానీ నేను వద్దనే చెప్తా. ప్యాక్‌లో వీటికి వెల్డ్ చేసిన రేకులుంటాయి, పీకేటప్పుడు పైన చెప్పిన ప్లాస్టిక్కే చిరిగేది, పైగా ఏళ్ల తరబడి మూల పడున్న సెల్ 2.5 వోల్టుల కిందకి దిగిపోయి ఉంటే దాన్ని మళ్లీ చార్జ్ చేయడం ప్రమాదం, అదేమో నుదుటి మీద పెట్టుకునే వస్తువు. ప్రొటెక్టెడ్ అని రాసున్న కొత్త సెల్ ఒకటి కొనుక్కోండి, లోపల సర్క్యూట్ ఉంటుంది కాబట్టి కొన్ని మిల్లీమీటర్లు పొడవెక్కువ ఉంటుంది, మీ లైట్‌లో పడుతుందో లేదో షాపులోనే పెట్టి చూసుకోండి. పాతవాటికి రెండు వైపులా టేప్ అంటించి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి, చెత్తకుప్పలో మాత్రం వేయకండి, అక్కడ నిప్పు పెడితే పక్కనున్నవాళ్ల మీదకే పేల్తాయి.