1775 సీజన్ మీద రాసే ముందు

చిరంజీవి రాఘవకు ఆశీస్సులు.

1775 నాటి ఇంగ్లండ్ క్రికెట్ మీద వ్యాసం రాస్తానన్నావు. మంచి ఏడాదే పట్టుకున్నావు. ఒక్కటే చెప్తున్నా, నాయనా: ఆనాటి స్కోర్‌కార్డుని ఇవాళ్టి కళ్లతో చదవకు. చాలామంది బోల్తాపడేది అక్కడే.

ముందు వికెట్ సంగతి చూడు. అప్పటికి స్టంపులు రెండే. 1744 నియమాల ప్రకారం ఎత్తు 22 అంగుళాలు, పైన అడ్డంగా పెట్టే 6 అంగుళాల చెక్కముక్క, అంటే బెయిల్, ఒకటి. బంతి అడ్డకొలత 3 అంగుళాల లోపే. రెండు స్టంపుల మధ్య నుంచి బంతి దూసుకుపోయినా, బెయిల్ పడకపోతే ఔట్ కాదు. మే 22న లండన్ ఆర్టిలరీ గ్రౌండ్‌లో మొదలైన ఐదుగురి సింగిల్ వికెట్ పోటీలో (ఒకసారికి ఒక్క బ్యాట్స్‌మన్ మాత్రమే ఆడే పద్ధతి) ఇదే జరిగింది. హాంబుల్డన్ క్లబ్ తరఫున ఆఖరివాడిగా జాన్ స్మాల్ దిగేసరికి ఇంకా 14 పరుగులు కావాలి. ఎదుటి కెంట్ జట్టు బౌలర్ లంపీ స్టీవెన్స్ బంతి మూడుసార్లు ఆ సందులోంచే వెళ్లింది. బెయిల్ చెక్కుచెదరలేదు, స్మాల్ గెలిపించాడు. మూడో స్టంప్ ఆ తర్వాతే వచ్చింది. అలాగని మర్నాటి నుంచే అందరూ మూడు పాతారని రాసేయకు, అన్ని మైదానాలకూ చేరడానికి ఏళ్లు పట్టింది.

ఇంకో సంగతి గమనించు. లంపీ సర్రే కౌంటీ మనిషి, ఆ రోజు ఆడింది కెంట్ కౌంటీ వైపు. పందేల ఆట కదా, బలాబలాలు సరితూగాలని బయటి ఆటగాణ్ణి ఒప్పందం మీద ఇచ్చేవారు. కాబట్టి జట్టు పేరు చూసి ఆటగాడి ఊరు తేల్చకు.

బౌలర్ల దగ్గర మరీ జాగ్రత్త. బౌల్డ్ చేస్తేనే కార్డులో బౌలర్ పేరు పడేది. క్యాచ్ అయితే పట్టినవాడి పేరే ఉంటుంది. ఇచ్చిన పరుగులు, వేసిన ఓవర్లు రాసేవారే కాదు. అలాంటప్పుడు సగటు ఎలా కడతావు? కట్టినా అది ఆ మనిషికి అన్యాయం చేసినట్టే. ఎల్బీడబ్ల్యూ 1774 నియమాల్లోకి వచ్చింది గానీ, కార్డులో మొదటిసారి కనిపించేది 1795లో. ఓవరుకు నాలుగు బంతులే, బౌలింగ్ అంతా అండర్ ఆర్మ్, అంటే చెయ్యి కింద నుంచి వేసేదే.

జూలైలో హాంబుల్డన్ వాళ్ల మైదానం బ్రాడ్‌హాఫ్‌పెన్నీ డౌన్‌లో సర్రే మీద స్మాల్ కొట్టిన 136 దగ్గర కాసేపు ఆగు. నియమాల్లో బౌండరీ అన్నమాటే లేని కాలమది. కానీ "క్రికెట్‌లో మొట్టమొదటి సెంచరీ" అని రాస్తే తప్పు. 1769లోనే జాన్ మిన్షల్ 107 చేశాడు, కాకపోతే అది చిన్నస్థాయి మ్యాచ్. "పెద్ద మ్యాచ్‌ల కార్డుల్లో దొరికినంతవరకు తొలి సెంచరీ" అని రాయి.

పత్రికల్లో ముందస్తు ప్రకటన ఒక్కటే దొరికితే మ్యాచ్ జరిగిందని లెక్కవేయకు. ఆట తర్వాతి వార్త గానీ, స్కోరు గానీ కనబడాలి. లేదంటే "ప్రకటించారు" అని మాత్రమే రాసి వదిలెయ్. చిత్తుప్రతి అయ్యాక పంపు, చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న