రసీదు వెళ్లింది, మాట వెళ్లలేదు

ఒక పాఠకురాలి ఉత్తరం, క్లుప్తంగా:

"నాకు 51 ఏళ్లు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా వీధిలోనే ఉండే స్నేహితురాలితో కలిసి, నవంబరులో శాన్ డియాగోలో కోమెన్ సంస్థ జరిపే మూడు రోజుల రొమ్ము క్యాన్సర్ నడకకు పేరిచ్చాను. మొత్తం 60 మైళ్లు. మనిషికి 2,300 డాలర్ల విరాళం పోగుచెయ్యాలి, నాది దాదాపు అయిపోయింది. ఇంకా 16 వారాలుంది. తనకు రెండేళ్ల కిందట ఇదే జబ్బుకు ఆపరేషన్, కీమో అయ్యాయి. తను బాగా నెమ్మది. గంటకోసారి కూర్చుని బూట్లు విప్పుతుంది. నా వేగం దెబ్బతింటోంది, పైగా నాకు ముంగాలి ఎముక దగ్గర నొప్పి మొదలైంది. ఈ మధ్య నడిచినంతసేపూ మా చెల్లెలి సంగతులు అడుగుతోంది, అదీ ఇబ్బందిగా ఉంది. (తెనాలిలో ఉన్న మా చెల్లెలికీ ఈ జబ్బే, ఇప్పుడు కీమో నడుస్తోంది. నాన్నగారి ఇంటి పంపకం దగ్గర మాటలు పోయి మూడేళ్లయింది. విరాళాల లింకు బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడితే, కొడుకు కార్డు మీద తనూ పాతిక డాలర్లు పంపింది. రసీదు దానంతటదే వెళ్తుంది కనక సరిపోయింది.) నేను వేరే వాకింగ్ గ్రూపులో చేరదామనుకుంటున్నాను. స్నేహితురాలు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?"

అమ్మా,

బ్రాకెట్ల మధ్య పెట్టిన ఆ నాలుగు వాక్యాలే ఉత్తరం. మిగతాదంతా కవరు. అయినా మీరు కాళ్ల గురించి అడిగారు కాబట్టి ముందు కాళ్ల సంగతి తేల్చేస్తాను.

వేరే గ్రూపు అక్కర్లేదు. డాలస్ వైట్ రాక్ లేక్ చుట్టూ ఉన్న బాట తొమ్మిది మైళ్ల పైచిలుకు. శనివారాలు ఇద్దరూ అక్కడికి వెళ్లి, ఒకేచోట బయల్దేరి, మీరొకవైపు ఆవిడ ఎదురువైపు నడవండి. గంటకు మీరు మూడున్నర మైళ్లు, ఆవిడ రెండున్నర నడిచారనుకున్నా గంటన్నర దాటగానే ఎదురుపడతారు. అయిదు నిమిషాలు ఆగి, ఏదైనా తిని, ఎవరి దారిన వాళ్లు వెళ్లండి. మీ చుట్టు ముందే అయిపోతుంది. ఆగకుండా రెండో చుట్టు అదే దిక్కుగా మొదలుపెట్టండి, అరగంట తిరక్కముందే ఆవిడ మళ్లీ ఎదురవుతుంది. మీ వేగం మీకు, ఆవిడ నెమ్మది ఆవిడకు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆదివారం నడక మాత్రం ఆవిడ పక్కనే, ఆవిడ వేగంతోనే. ముందురోజు అలసిన కాళ్లకు ఆ నెమ్మదే కావాలి. నవంబరులో మీరు నడవబోయేదీ అలాగే కదా. అది పరుగుపందెం కాదు, ఎవరూ గడియారం పట్టుకుని నిలబడరు. నడవలేనివాళ్లను ఎక్కించుకోవడానికి వ్యాన్లు తిరుగుతుంటాయి.

ఆవిడ బూట్లు ఎందుకు విప్పుతోందో ఒక్కసారైనా అడిగారా? ఈ జబ్బుకు ఎక్కువగా వాడే టాక్సేన్ రకం కీమో మందులు పాదాల నరాలను దెబ్బతీస్తాయి. ఆ తిమ్మిరి కొందరికి నెలల్లో పోతుంది, కొందరికి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మీకు బొబ్బ వచ్చే ముందు అక్కడ చురుక్కుమంటుంది, ఆగి టేపు వేసుకుంటారు. పాదం మొద్దుబారినవాళ్లకు ఆ చురుకు తెలియదు. సాక్సు ముడతపడినా, రాయి దూరినా తెలియదు. బొబ్బ చిట్లి సాక్సు తడిశాక బయటపడుతుంది. అందుకని కళ్లతో చూసుకుంటుంది. మీ స్నేహితురాలి విషయంలో కారణం ఇంకేదైనా కావచ్చు, అలవాటు మాత్రం మంచిది. మీరూ చెయ్యండి.

ఆవిడ ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను తగ్గించే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ లాంటి మాత్రలు వేసుకుంటూ ఉంటే కీళ్లు పట్టేయొచ్చు. కూర్చుని లేచాక మొదటి ఇరవై అడుగులు కుంటుతున్నట్టే ఉంటుంది. అందుకే ఎక్కువసేపు కూర్చోనివ్వకండి, తరచుగా కొద్దిసేపు ఆగడమే మేలు. చంకలో లింఫు గ్రంథులు తీసినవైపు భుజానికి సంచి పట్టీ వేసుకోకూడదు. నడుముకు కట్టుకునే సంచి తెప్పించండి. గంటల తరబడి చేతులు వేలాడేసి నడిస్తే ఎవరికైనా వేళ్లు ఉబ్బుతాయి, గుప్పిళ్లు మూసి తెరుస్తూ చేతులు పైకెత్తితే తగ్గుతుంది. ఆపరేషనైన వైపు చెయ్యి మాత్రమే బరువెక్కి ఉబ్బితే అది వేరే. వెంటనే ఆవిడ డాక్టరుకు చూపించాలి, బిగుతు స్లీవ్ వేసుకోవాలో వద్దో వాళ్లే చెప్తారు.

ఇక మీ ముంగాలు. ఆవిడ కూర్చున్నప్పుడు వెనకబడ్డామనుకుని, లేచాక పెద్దపెద్ద అంగలేసి ఆ టైము పూడ్చుకుంటున్నారు. అంగ పెద్దదైతే మడమ శరీరానికి బాగా ముందు పడుతుంది, ప్రతి అడుగుకూ ముంగాలి కండరం బ్రేకు వేసినట్టు లాగుతుంది. పైగా కాంక్రీటు బాట. అడుగులు చిన్నవి చెయ్యండి, సంఖ్య పెంచండి. ఎముక వెంట వేలితో నొక్కుకుంటూ వెళ్లండి. నొప్పి జానెడు మేర పరుచుకుని ఉంటే వారం పది రోజులు మైళ్లు సగానికి తగ్గించి మంచు పెడితే సర్దుకుంటుంది. ఒకే ఒక్క చోట, వేలు పెట్టగానే ప్రాణం జివ్వుమంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, నడక ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎముకలో సన్నని పగులు అయ్యుండొచ్చు. యాభై దాటిన ఆడవాళ్ల ఎముకలతో పంతం పనికిరాదు.

పదహారు వారాలు తక్కువేం కాదు. శనివారం ఎనిమిది మైళ్లతో మొదలుపెట్టి వారానికో మైలు పెంచుకుంటూ పోండి, ప్రతి నాలుగో వారం మూడు నాలుగు మైళ్లు తగ్గించండి. అక్టోబరు చివరికల్లా శనివారం 18, ఆ మర్నాడే 15 ఒక్కసారైనా పూర్తవ్వాలి. మొదటిరోజు ఎవరైనా నడుస్తారు, రెండోరోజు పొద్దున్న మంచం దిగేటప్పుడు తెలుస్తుంది కాళ్ల సంగతి. ఆఖరి రెండు వారాలూ బాగా తగ్గించెయ్యండి, అప్పుడు కొత్త బలం రాదు, అలసట మాత్రం తీరుతుంది. డాలస్ చదునుగా ఉంటుంది, శాన్ డియాగో సముద్రపు ఒడ్డున టోరీ పైన్స్ లాంటి గుట్టలున్నాయి. వారంలో ఒకరోజు ఏదైనా పార్కింగ్ గ్యారేజీ ర్యాంపు ఎక్కి దిగండి. దిగడం ముఖ్యం. కాలివేళ్లు బూటు కొనకు గుద్దుకుని గోళ్లు నల్లబడేది దిగేటప్పుడే. అందుకే బూటు అర సైజు పెద్దది తీసుకోవాలి, బొటనవేలి ముందు చేతి బొటనవేలంత ఖాళీ ఉండాలి, పాదాలు ఉబ్బి ఉండే సాయంత్రం పూటే కొనాలి. రెండు జతలు మార్చి మార్చి తొడగండి. నూలు సాక్సులు చెమట పట్టుకుని బొబ్బలు తెస్తాయి, ఉన్నివి గాని సింథటిక్‌వి గాని వాడండి. మూడు రోజుల్లో వేసుకోబోయేది ఏదీ అంతకుముందు కనీసం పది మైళ్లు వేసుకుని చూడనిది కాకూడదు.

నీళ్లు తాగే విషయంలో చాలామంది బోర్లాపడతారు. టెక్సస్ ఎండకు భయపడి గ్యాలన్లకొద్దీ మంచినీళ్లు తాగేస్తే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. తలనొప్పి, వికారం, తికమక వస్తాయి, నీళ్లు చాలలేదనుకుని ఇంకా తాగుతారు. దాహం వేసినప్పుడు తాగండి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఒక ఫ్లాస్కులో పెట్టుకోండి (బీపీ ఉంటే డాక్టర్నడిగి). గంటకోసారి నాలుగు ముద్దల పులిహోరో, పల్లీ చిక్కీ ముక్కో పొట్టలో పడాలి.

కాళ్ల సంగతి అయిపోయింది.

స్నేహితురాలి నెమ్మది కొత్తగా వచ్చింది కాదు. మీరు పేరిచ్చిన రోజునే ఆవిడ అలా ఉంది. కొత్తగా వచ్చింది ప్రశ్న. ఆవిడ మీ చెల్లెలి గురించి అడగడం మొదలుపెట్టాక మీకు వేరే గ్రూపు గుర్తొచ్చింది. ఆ ప్రశ్న అడిగే హక్కు ఆవిడకు మీకన్నా ఎక్కువుంది. కీమో మంచమ్మీద పడుకుని ఎవరి ఫోను కోసం ఎదురు చూస్తారో ఆవిడకు తెలుసు.

మీరు నడిచేది ఎవరి పేరు మీదో చూశారా? సుసాన్ కోమెన్ అనే ఆమె 1980లో, 36 ఏళ్లకే ఈ జబ్బుతో పోయింది. అక్కకు ఇచ్చిన మాట కోసం చెల్లెలు నాన్సీ బ్రింకర్ 1982లో ఈ సంస్థ పెట్టింది. ఒక అక్కాచెల్లెళ్ల పేరుతో నడిచే నడకకు ఊరందరి దగ్గరా విరాళం పట్టారు, సొంత చెల్లెలి దగ్గర కూడా పట్టారు. జబ్బుపడినామె, వైద్యం ఖర్చుల్లో ఉన్నామె, జబ్బుపడినవాళ్ల కోసం మీ చేతికి పాతిక డాలర్లు ఇచ్చింది. మూడేళ్ల తర్వాత ముందు మాట ఆమెదే. దానికి కంప్యూటర్ చేత జవాబు చెప్పించి "సరిపోయింది" అని రాశారు. సరిపోలేదమ్మా.

ఇంటి పంపకంలో తప్పెవరిదో నేనడగను. మీ నాన్నగారిని చివరిదాకా ఎవరు చూశారో మీరు రాయలేదు, తెనాలిలో ఉన్నది ఎవరో రాశారు. ఆ లెక్క వకీళ్లు చూసుకుంటారు, దానికి తొందర లేదు. మీరు పెద్దవారు. తోడబుట్టినవాళ్ల మధ్య వంగాల్సింది పెద్దవాళ్లే అని నేను నమ్ముతాను. న్యాయం మీవైపున్నా సరే. దీన్ని పాతకాలపు మాట అనుకుంటే అనుకోండి.

ఇంకో సంగతి, ఇది మీ ఒంటికి సంబంధించింది. తోబుట్టువుకు ఈ జబ్బు వస్తే మీకు వచ్చే అవకాశం మామూలుకన్నా సుమారు రెండింతలు. మీ డాక్టరు ఫారంలో కుటుంబ చరిత్ర అనే గడిలో ఏం రాశారు? చెల్లెలికి ఏ వయసులో బయటపడింది, హార్మోన్‌తో పెరిగే రకమా కాదా, జన్యుపరీక్ష అయిందా అని వాళ్లడుగుతారు. ఆ పరీక్ష ముందు జబ్బు వచ్చినవాళ్లకు చేస్తే ఇంట్లో మిగతావాళ్లకు స్పష్టంగా అర్థమయ్యే జవాబు దొరుకుతుంది. ఈ జబ్బు ముప్పు పెంచే జన్యుమార్పు తండ్రివైపు నుంచి కూడా రావచ్చు. ఇవన్నీ చెల్లెల్ని అడగాల్సినవే, కానీ మొదటి ఫోనులో అడిగితే మీ అవసరానికి చేసినట్టుంటుంది. మామోగ్రామ్ మాత్రం బాకీ ఉంటే ఈ నెలలోనే చేయించుకోండి.

ముందు ఆ అబ్బాయికి మెసేజ్ పెట్టండి. చెల్లెలి కొడుకంటే మీకూ కొడుకే కదా. కీమో ఏ తేదీల్లో పడుతోందో అడగండి. మూడు వారాలకోసారి ఇచ్చేదైతే, మందు ఎక్కిన తర్వాత నాలుగైదు రోజులు నీరసం, వాంతులు, అసలు మాట్లాడాలనిపించదు. రెండో వారంలో తెల్లకణాలు పడిపోయి జ్వరాల భయం. మూడో వారంలో కాస్త తేరుకుంటారు. ఆ మూడో వారంలో పడే శనివారం చూసుకోండి. డబ్బు పంపకండి, ఇప్పుడే కాదు. పాతిక డాలర్లకు మీ పది లక్షలు జవాబైతే అది మళ్లీ పంపకమే అవుతుంది.

మీకు శనివారం పొద్దున్న అయిదున్నర అంటే తెనాలిలో సాయంత్రం నాలుగు. నవంబరు మొదటి ఆదివారం మీ గడియారాలు మారాక అయిదవుతుంది. చెరువు దగ్గర కారు ఆపి, నడక మొదలెట్టక ముందే ఫోన్ చెయ్యండి. నడుస్తూ చేస్తే ఆయాసం, గాలి హోరు, ఆమెకు మీ మాట వినబడదు. మొదటిసారి పావుగంట చాలు. ఆ రోజు స్నేహితురాల్ని విడిగా ఆరింటికి రమ్మనండి, మాట ఇంటి మీదికి మళ్లేలోగా పెట్టేయొచ్చు. "ఎలా ఉన్నావు" అని మొదలుపెట్టకండి, రోజుకు పదిమంది అడుగుతుంటారు. "పాతిక డాలర్లు అందాయే" అనండి. తర్వాత ఆమె ఏమన్నా అననివ్వండి, తిట్టినా సరే.

ఆ రోజు ప్లాన్‌లో ఎన్ని మైళ్లున్నా ఒక్క చుట్టు చాలు. విడివిడిగా కాదు, స్నేహితురాలి పక్కనే నడవండి. ఆవిడ ఎలాగూ అడుగుతుంది.