ప్రశ్న–జవాబు: ఐరిష్ వారి పండుగలు, పరిహాసాలు, పరామర్శలు

ప్రశ్న: మా బడిలో దేశదేశాల పండుగల మీద పిల్లలతో ప్రదర్శన ఏర్పాటు చేస్తున్నాము. ఐర్లాండ్‌కు సంబంధించి సెయింట్ పాట్రిక్ దినం గురించి వెతికితే ఆకుపచ్చ టోపీలు, బీరు గ్లాసులు తప్ప మరేమీ కనిపించలేదు. ఆ పండుగ ఇంతేనా? – ఒక ఉపాధ్యాయుడు, ఏలూరు

జవాబు: ఇంతే కాదు. పాట్రిక్ 5వ శతాబ్దానికి చెందిన వ్యక్తి. పుట్టింది ఐర్లాండ్‌లో కాదు, బ్రిటన్‌లో. దాదాపు పదహారేళ్ళ వయసులో దోపిడీదారులు ఎత్తుకుపోగా ఐర్లాండ్‌లో బానిసగా ఆరేళ్ళు పశువులను కాసి, తప్పించుకొని ఇల్లు చేరి, తనను బానిసగా చూసిన ఆ నేలకే కొన్నేళ్ళ తరువాత మతబోధకుడిగా తిరిగి వెళ్ళినట్లు ఆయనే లాటిన్‌లో రాసుకున్నారు. మార్చి 17 ఆయన కన్నుమూసిన రోజుగా పాటిస్తారు. 1903 నుంచి అది అక్కడ ప్రభుత్వ సెలవు. న్యూయార్క్‌లో 1762 నాటికే ఆ రోజున ఊరేగింపు జరిగితే, డబ్లిన్‌లో ప్రభుత్వ ఊరేగింపు 1931లో గానీ మొదలుకాలేదు. ఇల్లు విడిచి వెళ్ళినవారికే ఇంటి పండుగ మీద బెంగ ఎక్కువ కదా, ఆ ఆర్భాటమంతా వలస వెళ్ళినవారు పెంచుకున్నది. ఐర్లాండ్‌లో అది చర్చికి వెళ్ళి, కోటుకు మూడాకుల షామ్‌రాక్ రెమ్మ గుచ్చుకొని, ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసే రోజుగానే చాలాకాలం ఉండేది. 1920ల చివరి నుంచి 1960ల ఆరంభం దాకా ఆ రోజున పబ్బులు తెరవడాన్ని చట్టం నిషేధించింది కూడా. ఆ కాలంలో డబ్లిన్‌లో మద్యం దొరికే చోటుగా పేరుపడింది ఏటా జరిగే కుక్కల ప్రదర్శన ఒక్కటే కాబట్టి, జాతి కుక్కల మీద ఎన్నడూ లేని అభిమానం నగరవాసులకు ఆ ఒక్కరోజే పుట్టుకొచ్చేదని అక్కడి పెద్దలు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు.

అయితే పిల్లల ప్రదర్శనకు నేను ఎంచుకునేది పాట్రిక్‌ను కాదు, ఐర్లాండ్ వారు కొలిచే మరో సెయింట్ అయిన బ్రిజిడ్‌ను. ఫిబ్రవరి 1న వచ్చే ఆమె పండుగతో అక్కడ వసంతం అడుగుపెట్టినట్లు లెక్క. 2023 నుంచి దానికీ ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు. ముందురోజు సాయంత్రం తుంగలాంటి గడ్డితో శిలువ అల్లి, మనం తోరణం కట్టుకున్నట్లు, గుమ్మం పైన పెడతారు. అది ఇంటిని అగ్నిప్రమాదం నుంచి కాపాడుతుందని నమ్మకం. పక్కనే కొల్లేరు ఉన్న మీకు తుంగకు కొదవ లేదు. ఒక కాడను నిలువుగా పట్టుకొని, రెండో కాడను సగానికి మడిచి మొదటిదాని నడుముకు తగిలించి, మొత్తాన్ని పావు చుట్టు తిప్పి, మూడో కాడను మడిచి రెండోదాని రెండు పాయల మీదుగా తగిలించి, మళ్ళీ తిప్పుతూ పోతే నడుమ చక్కని చదరపు అల్లిక ఏర్పడుతుంది. చివర నాలుగు కొసలనూ దారంతో కట్టి సమంగా కత్తిరిస్తే చాలు. తుంగను ముందురోజు కోసి తడిగా ఉంచండి, ఎండితే మడతలో విరిగిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి కార్క్ నగరంలో ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. తోటి ఉద్యోగులు తనను రోజూ ఏదో ఒకటి అంటూనే ఉంటారట. జూన్ నెలలో మంకీ క్యాప్ పెట్టుకొని వెళితే, ఎవరెస్టుకు ఎప్పుడు బయలుదేరుతున్నావని అడిగారట. వాడు నవ్వుతూనే చెబుతున్నాడు గానీ నా మనసు మనసులో లేదు. వాళ్ళు మా వాడిని చిన్నచూపు చూస్తున్నారా? – ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు రాసిన మాటలను బట్టి చూస్తే వాళ్ళు మీ అబ్బాయిని తమలో కలుపుకొన్నారనే అనిపిస్తున్నది. దీన్ని ఐర్లాండ్‌లో స్లాగింగ్ అంటారు. దానికి ‘ఎగతాళి’ అనే మాట సరిపోదు. ‘ఆటపట్టించడం’ అనేదే సరైన తెలుగు. పెళ్ళింట్లో బావగారిని మరదళ్ళు ఆటపట్టిస్తారంటే ఆయన మీద కోపంతో కాదు, ఆయన ఇంటి మనిషి అయ్యాడని. అక్కడ ఆ చనువు బంధువులతో ఆగిపోక ఆఫీసులోను, దుకాణంలోను, బస్సులోను కూడా కనిపిస్తుంది. కొత్తవారితో ఐరిష్ వారు ఎంతో మర్యాదగా మాట్లాడతారు. మాటలో ఆ మర్యాద కొంచెం సడలి, టోపీ మీదో టీ మీదో అభిమాన జట్టు ఓటమి మీదో ఒక చురక పడిందంటే పరిచయం ముదిరిందని అర్థం. అవతలి మనిషి తిరిగి ఒక చురక వేయాలని కూడా ఎదురుచూస్తారు. మీ అబ్బాయి ‘మీ వేసవి ఎప్పుడు మొదలవుతుందో చెప్తే అప్పుడే తీసేస్తాను’ అని ఉంటే ఆ గది గదంతా ఆనందించి ఉండేది.

నేను ఐర్లాండ్‌లోని గాల్వే నగరంలో ఉన్న కాలంలో ఒక సాయంత్రం వానకు నిలువునా తడిసి, గాలికి ఊచలు తిరగబడిన గొడుగుతో వీధి చివరి దుకాణంలోకి వెళ్ళాను. కౌంటర్ వెనుక కూర్చున్న పెద్దావిడ గొడుగునూ నన్నూ మార్చిమార్చి చూసి, ‘పాపం, మీ గొడుగు ఈ ఊరికి కొత్తేమో’ అన్నారు. నేను నవ్వేలోపే లోపలికి వెళ్ళి తువ్వాలు తెచ్చి ఇచ్చారు, వద్దన్నా వినకుండా టీ పెట్టారు. సన్నని జల్లు విడవకుండా పడే రోజును అక్కడివారు ‘మెత్తని రోజు’ అంటారు. ఎలా ఉన్నారని అడిగితే ‘మరీ అంత పాడుగా ఏమీ లేను’ అన్న జవాబు వచ్చిందంటే ఆ మనిషి నిజంగా సంతోషంగా ఉన్నట్లే. కష్టాన్ని తగ్గించి చెప్పడం, సుఖాన్ని ఇంకా తగ్గించి చెప్పడం అక్కడి మాటతీరు.

ఆటపట్టించడానికి, ఎత్తిపొడవడానికి మధ్య గీత మాత్రం అక్కడా ఉంది. రోగం, పేదరికం, చావు, మనిషి ఒంటిరంగు వేళాకోళానికి వస్తువులు కావు. ఎవరైనా మీ అబ్బాయి రంగునో దేశాన్నో పట్టుకొని మాట్లాడితే, నవ్వి ఊరుకోవలసిన పని లేదు, సంస్థలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 2025 వేసవిలో భారతీయుల మీద దాడులు జరిగినప్పుడు డబ్లిన్‌లోని మన రాయబార కార్యాలయం జాగ్రత్తలు సూచిస్తూ ప్రకటన చేసిన సంగతి మీరు చదివే ఉంటారు. అటువంటి ఆపద ఏదైనా ఎదురైతే 112కు గానీ 999కు గానీ ఫోన్ చేయమని చెప్పండి. దాన్ని ఈ హాస్యంతో కలిపి చూడకండి.

ప్రశ్న: మాది నల్లగొండ. మేయో కౌంటీలో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నాను. నేను చూసుకుంటున్న ఒక పెద్దాయన చనిపోతే వారి ఇంటికి వెళ్ళాను. శవపేటిక పక్కనే కూర్చొని అందరూ కథలు చెప్పుకుంటూ గట్టిగా నవ్వుతున్నారు. నాకు ఏడుపు ఆగలేదు, వాళ్ళ నవ్వు చూసి కాళ్ళు చేతులు ఆడలేదు. నేనేం చేసి ఉండాల్సింది?

జవాబు: మీరు ఏడవడం తప్పు కాదమ్మా. వాళ్ళు నవ్వడమూ తప్పు కాదు. మీరు చూసినది వేక్, అంటే మరణించిన మనిషిని ఒంటరిగా వదలకుండా చేసే జాగారం. భౌతికకాయాన్ని ఇంట్లోనే ముందుగదిలో ఉంచుతారు. సమాధి చేసేవరకు పగలూ రాత్రీ ఎవరో ఒకరు పక్కనే కూర్చుంటారు. ఆత్మ వెళ్ళడానికి కిటికీ తెరవడం, గడియారం ఆపడం, అద్దానికి గుడ్డ కప్పడం పాత ఆచారాలు. పల్లెల్లో ఇంకా కొన్ని ఇళ్ళలో పాటిస్తారు. మనవైపు చావింట్లో పొయ్యి వెలిగించకుండా ఇరుగుపొరుగు వంట పంపినట్లే, అక్కడా పక్కింటివారు తమ కుర్చీలు, కప్పులు, రొట్టెలు మోసుకొచ్చి, ఆ ఇంటి వంటగదిని తామే నడుపుతారు. కెటిల్ చల్లారదు.

ఒకప్పుడు శోకాలు పెట్టే స్త్రీలు ఉండేవారు. వారి ఏడుపును కీనింగ్ అంటారు. అదే గదిలో, అదే రాత్రి పొగాకు, కథలు, ఆటలు కూడా ఉండేవి. ఆ ఆటలు శ్రుతి మించుతున్నాయని చర్చి పెద్దలు 17వ శతాబ్దం నుంచి పదేపదే నిషేధించినా జనం చాలాకాలం వదలలేదు. ఈనాటికి కీనింగ్ పోయింది, ఆటలు పోయాయి, కథలు మిగిలాయి. మీరు విన్న నవ్వు చావును చూసి వచ్చినది కాదు. ఆ పెద్దాయన ఆవు బేరంలో ఎలా మోసపోయాడో, పెళ్ళినాడు ఎంత ఆలస్యంగా వచ్చాడో చెప్పుకుంటుంటే, ఆ కాసేపూ ఆయన వాళ్ళ మధ్యలో కూర్చున్నట్లే ఉంటుంది. బతికుండగా ఆయనను ఎలా ఆటపట్టించారో, వెళ్ళిపోయిన నాడూ అలాగే పలకరిస్తున్నారు. ఈ ఆచారంలో నేను అన్నిటికన్నా గౌరవించేది ఇదే.

మరోసారి వెళ్ళవలసి వస్తే చేయవలసింది కొంచెమే. ఇంటివారి చెయ్యి పట్టుకొని ‘మీ కష్టానికి బాధగా ఉంది’ అనండి. అక్కడ అందరూ అనే మాట అదే. పేటిక దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. టీ ఇస్తే కాదనకండి. ఆ తరువాత మీకు తెలిసిన ఒక్క సంగతి చెప్పండి. ఆయన మందులు మింగనని ఎలా మొండికేసేవారో, మీ పేరు పలకడానికి ఎన్ని తంటాలు పడ్డారో, ఆయన చివరి రోజులు మీకు తెలిసినంతగా ఆ గదిలో మరెవరికీ తెలియవు, అందుకే అది వాళ్ళకు అపురూపం. ఇప్పుడు కూడా ఆలస్యం కాలేదు. నెల తిరిగేసరికి మంత్స్ మైండ్ పేరుతో చర్చిలో ప్రార్థన జరిపిస్తారు. మన మాసికం లాంటిదే. ఆ రోజున వెళ్ళి ఆయన భార్యకో పిల్లలకో ఆ ముచ్చట చెప్పండి.