నల్ల బీరు తాగే ముందు డికాషన్ తాగు

అబ్బోడా,

పోయిన ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు మీ చిన్నమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది, అందుకే "సరేలే, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశాను. బెంగళూరు ఇందిరానగర్‌లో ఏదో బ్రూవరీకి పోయి మిల్క్ స్టౌట్ అనే తియ్యటి నల్ల బీరు తీసుకున్నానని, మాడిన కాఫీలో చక్కెర కలిపినట్టుందని, సగం వదిలేసి వచ్చేశానని అన్నావు కదా. అందులో తప్పు సగమే నీది. మిగతా సగం మంచుగడ్డలా ఉన్న గ్లాసులో పోసిచ్చిన వాళ్లది.

ముప్పై ఏళ్లు షుగర్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చెరకు రసం బ్రిక్స్, అంటే అందులో చక్కెర ఎంతుందో, చూస్తూ బతికినవాణ్ణి, తీపి విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. పులియబెట్టే ఈస్ట్ తినగా మిగిలిందే బీరులో తీపి. మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నానబెట్టి తీసిన రసాన్ని పులియబెట్టే ముందు వాళ్లూ మనలాగే కొలుస్తారు. ఈ తియ్య స్టౌట్‌కు ఆ చక్కెర కొలత 11 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటుంది, పులిసినాక 3 నుంచి 6 దగ్గర ఆగిపోతుంది. నువ్వు రోజూ చూసే లేత రంగు బీరైతే రెండు దాకా దిగిపోతుంది. ఆ తేడాయే నీ నాలుక మీద చిక్కగా నిలబడేది.

మిల్క్ స్టౌట్‌లో పాలు పొయ్యరు, లాక్టోజ్ వేస్తారు, అంటే పాలలో ఉండే చక్కెర. బీరు ఈస్ట్‌కు అది అరగదు కాబట్టి అలాగే మిగిలిపోతుంది. దాని తీపి మామూలు చక్కెరలో ఐదో వంతుంటే ఎక్కువ, కాబట్టి అది ఎక్కువగా ఇచ్చేది తీపి కంటే చిక్కదనమే. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చే స్నేహితుడెవడైనా పక్కనుంటే ముందే చెప్పు, పాపం. ఇంగ్లండ్‌లో కెంట్ జిల్లా హైత్ ఊరి మాకెసన్ వాళ్లు 1907 ప్రాంతంలో దీన్ని అమ్మకానికి పెట్టి, బలానికి మంచిదని తెగ ప్రచారం చేసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం అయినాక లేబుల్ మీద "మిల్క్" అనే మాట రాయకూడదన్నారు. వాళ్లు మాట తీసేసి పాలక్యాను బొమ్మ మాత్రం ఉంచుకున్నారు. వ్యాపారం అంటే అదీ!

ఇంకో సంగతి, నలుపు చూసి స్ట్రాంగ్ అనుకోవద్దు. గింజల్లో ఎక్కువ భాగం మామూలు లేత మాల్టే, బాగా వేయించి నల్లబడినవి కొంచెమే వేస్తారు, రంగంతా వాటిదే. అంత నల్లగా ఉండే గిన్నిస్ డ్రాఫ్ట్‌లో ఆల్కహాల్ 4.2 శాతం, మన షాపుల్లో స్ట్రాంగ్ అని అమ్మే పసుపు బీరు దాన్ని ఎప్పుడో దాటేసి ఉంటుంది. మన జిల్లాలో నల్లబెల్లం అనగానే సారా గుర్తొచ్చే అలవాటు, ఆ లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు తాగే పద్ధతి. కానీ దానికి ముందు ఇంట్లో ఒక పని చెయ్యి. ఫిల్టర్‌లో చికోరీ కలిసిన డికాషన్ చిక్కగా దించి మూడు గ్లాసుల్లో పొయ్యి. ఒకటి ఉత్తది, ఒకటి పాలు మాత్రమే కలిపినది, ఇంకొకటి కాస్త బెల్లం వేసినది. ఒక్కొక్క గుక్క తాగి, చేదు నాలుకలో ఎక్కడ తగులుతోంది, పాలు పోస్తే ఆ చేదు పోయిందా లేక మెత్తబడిందా, బెల్లం ముందొచ్చిందా వెనకొచ్చిందా అని చూసుకో. వారం రోజులు ఇది చేసి బ్రూవరీకి పో, ఆ గ్లాసులోనూ ఈ మూడే వేరే వేషంలో కనిపిస్తాయి.

అక్కడ ముందే పెద్ద గ్లాసు చెప్పకు, శాంపిల్ అడుగు. లేత రంగు బీర్లు తాగాలనుంటే ముందు తాగేసెయ్, ఇది ఆఖర్న. ఫ్రీజర్‌లో పెట్టిన గ్లాసు వద్దని చెప్పు. చల్లదనం నాలుకను మొద్దుబారుస్తుంది, వాసన లేవదు, చేదు ఒక్కటే మిగులుతుంది, నీకు జరిగింది అదే. 10 నుంచి 13 డిగ్రీల మధ్య ఇది బాగుంటుంది, థర్మామీటర్ ఎందుకు, రెండు చేతుల మధ్య పట్టుకుని పది నిమిషాలు కబుర్లు చెప్పుకుంటే చాలు. తర్వాత ముక్కు పెట్టు. గానుగ దగ్గర పాకం దించే ముందు పెనం అంచున మాడుతుందే ఆ వాసన, కాఫీ పొడి, కొంచెం చాక్లెట్ రావాలి. వెన్న రాసిన పాప్‌కార్న్ వాసనో, తడిసిన అట్టపెట్టె వాసనో వస్తే అది సరుకులో లోపం, మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చెయ్.

గుక్క చిన్నది తీసుకుని నోరంతా తిప్పి మింగు. మింగినాక కాసేపు ఊరకుండు. తీపి ముందొచ్చి, వెనక మాడు చేదు వచ్చి దాన్ని తుడిచేస్తే మంచి స్టౌట్. పెదవులు అతుక్కుని మంచినీళ్లు అడగాలనిపిస్తే, చేసినవాడు లాక్టోజ్ విషయంలో చెయ్యి జారాడు. ఈ మధ్య కేకులు, బిస్కెట్లు అన్నీ కలిపి చేస్తున్నారు చూడు, అవి నాకు పడవు, ఒక గుక్క వరకు సరదా, అంతే.

నంజుకోవడానికి ఉప్పేసి ఉడికించిన చెనిక్కాయలు చాలు. మైసూర్‌పాక్ లాంటివి దగ్గరికి రానివ్వకు, అంత తీపి పక్కన బీరు చప్పబడి చేదే మిగులుతుంది. నాటుకోడి కూరతో మాత్రం బాగా కుదురుతుంది, ఆ తీపి కారాన్ని అణుస్తుంది.

ఇది నచ్చితే తర్వాత డాపెల్‌బాక్ అనే చిక్కటి జర్మన్ బీరు చూడు. మ్యూనిక్‌లో పౌలానర్ సన్యాసులు ఉపవాసం రోజుల్లో తిండికి బదులు తాగేవాళ్లంటారు. మాడు వాసన ఉండదు, వేయించిన రొట్టె తీపి. అయితే 7, 8 శాతం ఉంటుంది, ఇంపీరియల్ స్టౌట్ ఇంకా ఎక్కువ, అవి చిన్న గ్లాసుకు మించొద్దు.

తాగిన రోజు బండి ముట్టుకోకు. ఇక్కడికి వచ్చేటప్పుడు బాటిళ్లు తేవద్దు, చెక్‌పోస్టులో టెన్షన్ ఒకటి, నువ్వు ఎలాగూ నేరుగా కొండకు పోదామంటావు, అలిపిరి దగ్గర బ్యాగులన్నీ విప్పించి చూస్తారు. వచ్చే నెల కంటి డాక్టర్ దగ్గరికని నేనే బెంగళూరు వస్తున్నా. నాకు షుగర్ ఉంది కాబట్టి నీ గ్లాసులోంచి రెండు గుక్కలు చాలు. మీ చిన్నమ్మతో కంటి డాక్టర్ మాట మాత్రమే చెప్పు.

మీ చిన్నాయన